రెండు శాఖల రక్తవ్యాధి

వ్యాసర్పాడి తల్లిదండ్రులారా! రక్తకణములు ఎముకల మూలుగలో పుట్టును. వానిలో మైలాయిడు, లింఫాయిడు అను రెండు శాఖలు గలవు. తీవ్ర ల్యుకేమియా సాధారణముగా ఒక శాఖకే చెందును. రెండింటి లక్షణములను చూపు మిశ్రజాతి నూటికి 2 నుండి 5 వరకు మాత్రమే. దీనిని గుర్తించుటకు సూక్ష్మదర్శిని యొక్కటే చాలదు; కణముల గుర్తులను ఫ్లో సైటోమెట్రీచే పరీక్షింపవలెను. పెద్దలలో పలువురికి ఫిలడెల్ఫియా క్రోమోజోము కనబడును. అట్టివారికి దాని ప్రభావము నణచు మాత్రలను చేర్తురు. తరచుగా లింఫాయిడు పద్ధతి మందులతో ఆరంభించి, వీలైనచో మూలుగ మార్పిడి చేయుదురు. ఆ మందులలో నొకటైన మెథోట్రెక్సేటు, మన మదరాసు వైద్య కళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము కృషికి ఫలము.

తగ్గని జ్వరము, పాలిపోవుట, చిగుళ్ళ రక్తస్రావము, కారణము లేక కమిలిన మచ్చలు కనబడినచో రక్తపరీక్షకు జాగు చేయరాదని మా మనవి. బిడ్డల చదువుకై శ్రమించు మీరు మీ ఆరోగ్యమును మరువకుడు.