గుఱ్ఱపుపిల్ల రంగు – తండ్రి పేరు

1998లో సైబర్ టవర్సు వెలసిన తరువాత మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతములలో పొలములు దాదాపు కనుమరుగైనవి. కాని ఆ నగరమే చుట్టుప్రక్కల రైతులకు ఒక క్రొత్త బేరమును తెచ్చినది. పెండ్లి ఊరేగింపులకు, స్వారీ నేర్పు బడులకు గుఱ్ఱములు కావలెను. మొయినాబాదు, శంకరపల్లి వైపు తోటలలో వీనిని పెంచువారు కలరు. కొనువారిలో చాలమంది పశుపోషణ ఎరుగని ఉద్యోగులు. వారు మొదట చూచునది రంగు, పిదప అడుగునది తండ్రి పేరు. ఈ రెంటిలోను మోసమునకు చోటున్నది. మీరు అమ్మువారైనను, కొనువారైనను రంగు ఎట్లు సంక్రమించునో తెలిసికొనుట మంచిది.

ఒడలు, జూలు, తోక అన్నియు ఎఱ్ఱగా నున్నది ఎఱ్ఱ గుఱ్ఱము. ఒడలు ఎఱ్ఱగా నుండి జూలు, తోక, కాళ్ల క్రిందిభాగము నల్లగా నున్నచో దానిని ఉర్దూలో కుమైత్ అందురు. నలుపును పుట్టించు జన్యువు బలమైనది. తల్లినుండి గాని తండ్రినుండి గాని ఒక్కటి వచ్చినను నలుపు వెంట్రుకలలో కనబడును. ఎఱ్ఱ గుఱ్ఱములో అది ఒక్కటియు లేదు. కనుక ఎఱ్ఱ గుఱ్ఱమునకు, ఎఱ్ఱ గుఱ్ఱమునకు పుట్టునది ఎఱ్ఱదే. కుమైత్ గాని నల్లది గాని పుట్టదు. కుమైత్ జంటకు మాత్రము ఎఱ్ఱపిల్ల పుట్టవచ్చును. దానిని చూచి ఎవరినీ అనుమానింపరాదు.

ఇంగ్లండులో హర్స్ట్ అను శాస్త్రజ్ఞుడు పందెపు గుఱ్ఱముల వంశావళి గ్రంథములను తిరుగవేసి ఈ సంగతిని 1906లో ప్రకటించెను. ఎఱ్ఱ జంటలకు పుట్టిన పిల్లలన్నియు, బహు కొద్ది తప్ప, ఎఱ్ఱవిగానే వ్రాయబడి యుండెను. ఆ కొద్దిని పట్టుకొని వెల్డన్ అను మరియొక పండితుడు సిద్ధాంతమునే కాదనెను. వ్రాతలోనే తప్పున్నదని హర్స్ట్ పక్షము వాదించినది. ఎఱ్ఱ రంగునకు కారణమైన జన్యుమార్పును స్వీడను శాస్త్రజ్ఞులు 1996లో కనుగొనిరి. హర్స్ట్ చెప్పిన సూత్రము నిలిచినది. వంశావళిలో పొరపాటులన్నియు మోసములు కావు. పిల్ల బొచ్చు రాలకముందే రంగు వ్రాయుటవలన కూడ తప్పు దొరలును.

తెల్ల గుఱ్ఱముల బేరములో చిక్కు ఎక్కువ. పెండ్లికి వచ్చు తెల్ల గుఱ్ఱములు రెండు విధములు. ఒకటి నల్లగానో, ఎఱ్ఱగానో, కుమైత్ గానో పుట్టి, ఏటేట నెరసి, సుమారు ఆరేడు ఏండ్లకు తెల్లబడును. చర్మము మాత్రము నల్లగనే యుండును. ఈ నెరయు జన్యువు ఒక్కటి యున్నను చాలును. కనుక ఇట్టి పిల్లకు తల్లిదండ్రులలో ఒకరైనను నెరయు గుఱ్ఱమై యుండి తీరవలెను. రెండవది పుట్టుకతోనే లేతరంగుగా, గులాబి చర్మముతో ఉండును. తెలంగాణ ఎండకు ఆ చర్మము, ముఖ్యముగా ముక్కు చుట్టును, కమిలిపోవును. దానికి నీడ తప్పనిసరి.

నెరయబోవు పిల్లను "మేలైన నల్ల గుఱ్ఱము" అని అమ్ముట అన్నింటికంటె సులభమైన మోసము. కొనినవాడు మూడేండ్ల తరువాత తెల్లబోవును, గుఱ్ఱము అంతకుముందే తెల్లబోవుచుండును. కొనుటకు ముందు కనురెప్పల చుట్టును, చెవుల అంచులను వెలుతురులో పరీక్షింపుడు. నెరయు పిల్లకు తొలుత అక్కడ తెల్లవెంట్రుకలు మొలచును. తల్లిని చూపుమని అడుగుడు. అమ్మువారు ఇంకొక సంగతి కూడ దాచరాదు: పదునైదేండ్లు దాటిన ఇట్టి గుఱ్ఱములలో ఎక్కువభాగమునకు తోక క్రింద, మలద్వారము చుట్టును నల్లని గడ్డలు లేచును. కొన్నింటిలో అవి లోపలికి ప్రాకును.

ఒక సంగతి మరువకుడు. రంగు అబద్ధమును పట్టించును గాని నిజమును రుజువు చేయదు. ఎఱ్ఱ ఆడగుఱ్ఱమును ఎఱ్ఱ పోతుతో దాటించితిమని చెప్పి కుమైత్ పిల్లను చూపిన, చెప్పిన తండ్రి ఆ పోతు కాదు. కాని ఎఱ్ఱపిల్లే పుట్టినంత మాత్రాన తండ్రి అదియే యనుటకు వీలులేదు. ప్రక్క దొడ్డిలోని ఎఱ్ఱ పోతు కూడ కావచ్చును. ఆడగుఱ్ఱము ఎదలో సుమారు వారము దినములుండును. ఆ వారములో రెండు పోతులు దాటినచో మీకే తెలియదు. కనుక ఎద దినములలో దానిని వేరుగా కట్టి, దాటిన తేదీని, పోతు రంగును అదే దినమున పుస్తకములో వ్రాయుడు. రెండవ పోతు చేరియుండిన దానినికూడ వ్రాయవలెను. ఈనుటకు పదునొకండు నెలలు పట్టును. అంతవరకు జ్ఞాపకమును నమ్మరాదు.

తగవు వచ్చినచో డి.ఎన్.ఏ. పరీక్షయే శరణ్యము. గచ్చిబౌలికి చేరువనే గోపనపల్లిలో నున్న జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ, ఒంగోలు మొదలగు దేశవాళీ ఆవుజాతుల శుద్ధతను తెలిసికొనుటకు 'ఇండిగౌ' అను జన్యుచిప్పును రూపొందించగా, అది 2021లో విడుదలైనది. అది ఆవులకే గాని గుఱ్ఱములకు పనికిరాదు. గుఱ్ఱములకు వేరు పరీక్ష కలదు. దానికి జూలునుండి ముప్పది నలుబది వెంట్రుకలను కుదుళ్లతో పెరుకవలెను, కత్తిరించినవి పనికిరావు. తల్లి, తండ్రి, పిల్ల వెంట్రుకలను విడివిడిగా పొడి కాగితపు కవర్లలో నుంచి, పేరు, తేదీ వ్రాసి, పశువైద్యుని ఎదుట అంటించి ఆయన ద్వారా పంపుడు. ఒకదాని తరువాత ఒకటి తీయునపుడు చేతులు కడుగుకొనుడు.