ఫోన్‌లో వాక్యం వింటున్నాం కదా, సంఘానికి ఎందుకు వెళ్ళాలి?



ఈ వారం వీడియోలో సమయం చాలక వదిలేసిన సంగతులు ఇక్కడ రాస్తున్నాను. బైబిల్ తెరిచి పక్కన పెట్టుకోండి.

ధ్యాన భాగాలు: హెబ్రీయులకు 10:24-25, కీర్తన 122

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి మందిరాలు మూతపడినప్పుడు వాక్యం ఫోన్ ద్వారా మన ఇంటికి వచ్చింది. అందుకు దేవునికి స్తోత్రం. కానీ మందిరాలు మళ్ళీ తెరిచాక కూడా కొందరు ఫోన్ దగ్గరే ఉండిపోయారు. "వాక్యం వింటున్నాం కదా బ్రదర్, ఇంకేం కావాలి?" అని అడుగుతుంటారు. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, పైగా వీడియోలు చేసేవాణ్ణి. కాబట్టి ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన బాధ్యత నాకు ఇంకా ఎక్కువ ఉంది.

1. "ఒకరినొకరు" అనే మాట

హెబ్రీ పత్రిక అందుకున్న విశ్వాసులు సుఖంగా ఉన్నవారు కాదు. అదే అధ్యాయం 32 నుండి 34 వచనాలు చదవండి. నిందలు పడ్డారు, ఆస్తి పోగొట్టుకున్నారు. నలుగురూ ఒకచోట కూడుకోవడమే వారికి ప్రమాదం. అయినా సమాజంగా కూడుకోవడం మానవద్దనే రాశాడు. ఎందుకు? ప్రేమలోను మంచి పనుల్లోను ఒకరినొకరు ముందుకు నడిపించుకోవాలి, ఒకరికొకరు ధైర్యం చెప్పుకోవాలి. మంచి ప్రసంగం దొరుకుతుంది కాబట్టి వెళ్ళండి అని అక్కడ లేదు, గమనించారా?

వీడియో మీతో మాట్లాడుతుంది. కానీ మీ కళ్ళు ఎందుకు ఎర్రబడ్డాయో దానికి తెలియదు. మీరు కూడా దాని ద్వారా పక్కవారి భుజం తట్టలేరు. కాబట్టి "నాకేం దొరుకుతుంది?" అనే ప్రశ్న ఒక్కటే సరిపోదు. "నేను రాకపోతే ఎవరికి లోటు?" అని కూడా అడగాలి.

2. మన గోదావరి గడ్డ మీద

1836లో ఆంథోని నోరిస్ గ్రోవ్స్ గారితో కలిసి ఇంగ్లండు నుండి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులు తర్వాత నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో స్థిరపడి సువార్త చెప్పారు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట పనికి వేలమంది కూలీలు వచ్చారు. బౌడెన్ గారు వారి మధ్య కూడా వాక్యం ప్రకటించారు. గోదావరి డెల్టా మిషన్ సంఘాలకు పునాది అలా పడింది.

ఆ సంఘాల్లో ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు. ఒక సహోదరుడు లేచి ప్రార్థిస్తాడు, ఇంకొకరు కీర్తన ఎత్తుకుంటారు, మరొకరు వాక్యం చదువుతారు. కులాన్ని బట్టి మనుషులు దూరదూరంగా కూర్చునే కాలంలో ఒకే రొట్టెలో పాలు పొందడం చిన్న సంగతి కాదు. రొట్టె ఒక్కటే గనుక అనేకులమైన మనం ఒకే శరీరమని పౌలు చెప్పిన మాట (1 కొరింథీ 10:17) అక్కడ కంటికి కనబడుతుంది. ఒంటరిగా ఇంట్లో కూర్చుంటే ఆ రొట్టెను ఎవరితో పంచుకుంటాం?

3. మనం పాడలేని రోజు

మా సంఘంలో ఒక మామ్మగారు ఉన్నారు. చదువు రాదు, కానీ కీర్తనలన్నీ కంఠతా వచ్చు. భర్తను సమాధి చేసిన తర్వాతి ఆదివారం కూడా ఆవిడ వచ్చి తన చాప మీదే కూర్చున్నారు. ఆ రోజు నోరు పెగల్లేదు. మేమందరం పాడుతుంటే కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ విన్నారు. ఆవిడ పాడాల్సిన పాట ఆ రోజు సంఘం పాడింది. రేపు మన గొంతు పూడుకుపోయిన రోజున ఆవిడ మన కోసం పాడతారు. సహవాసం అంటే ఇదే.

4. సంతోషం దారిలోనే మొదలవుతుంది

120 నుండి 134 వరకు ఉన్న పదిహేను కీర్తనలకు "యాత్రకీర్తన" అని పేరు. యెరూషలేముకు వెళ్ళే భక్తులు దారిలో వీటిని పాడుకునేవారని చెబుతారు. 122లో దావీదు సంతోషం మందిరం చేరాక మొదలవలేదు. వెళ్దాం రమ్మని తోటివారు పిలిచినప్పుడే మొదలైంది! అంటే మీ చిన్న పిలుపు ఒకరి సంతోషానికి ఆరంభం కావచ్చు.

5. రాలేనివారి మాటేమిటి?

మంచం పట్టినవారిని, సెలవు దొరకనివారిని ఈ వాక్యం నిందించడం లేదు. కువైట్‌లో ఆదివారం పనిదినం, అందుకే అక్కడ తెలుగువారు శుక్రవారం ఆరాధనకు కూడుకుంటారు. మన జిల్లాల నుండి ఇంటి పనికి వెళ్ళిన అక్కచెల్లెళ్ళలో ఎంతోమందికి ఆ రోజు కూడా గడప దాటే వీలుండదు. వారికి ఫోన్‌లో వచ్చే వాక్యమే ఆధారం. వారు దేనికోసం ఆశపడుతున్నారో అది మనకు నాలుగు వీధుల అవతలే ఉంది.

ఈ ఆదివారం ఇలా చేద్దాం:

- పది నిమిషాలు ముందే వెళ్దాం, ఆరాధన అయ్యాక పది నిమిషాలు ఆగుదాం.
- కొన్ని వారాలుగా కనబడని ఒకరికి శనివారమే ఫోన్ చేసి, "రేపు కలిసి వెళ్దామా?" అని అడుగుదాం.
- రాలేని ఒకరి ఇంటికి ఇద్దరు ముగ్గురం వెళ్ళి, ఒక కీర్తన పాడి ప్రార్థన చేసి వద్దాం.

మా వీడియోలు సోమవారం చూసినా పర్వాలేదు. ఆదివారం ఉదయం మాత్రం మీ సంఘంలో మీ చోటు ఖాళీగా ఉండకూడదు.

ప్రార్థన: ప్రభువా, నీ బిడ్డల మధ్య మాకు చోటిచ్చినందుకు స్తోత్రం. రాలేనివారిని జ్ఞాపకం చేసుకో. రాగలిగిన మాకు ఆశ పుట్టించు. యేసు నామమున అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.