ఏనుగుల దారి, రాగి చేను: వేప్పనపల్లి నేర్పే పాఠం

కృష్ణగిరి జిల్లాలోని వేప్పనపల్లి తమిళనాడు, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ సరిహద్దులు చేరువైన ప్రాంతం. ఇక్కడి సంతలో తమిళం, తెలుగు, కన్నడం మూడూ వినిపిస్తాయి. మనుషులకు ఇవి మూడు రాష్ట్రాలు. అడవి ఏనుగుకు మాత్రం ఇదంతా ఒకే దారి. వన్యప్రాణి నిర్వహణ అనే శాస్త్రం ఈ ప్రాంతంలో ఆ దారిని గుర్తించడంతోనే మొదలవుతుంది.

ఏనుగులు ఎందుకు వస్తాయి?

పెద్ద ఏనుగుకు రోజుకు సుమారు 150 కిలోల మేత కావాలి. అందుచేత మంద ఒకే చోట నిలువదు. మేతనూ నీటినీ అనుసరించి ఏటా తిరుగుతుంది. వానకాలం ముగిసి రాగి కంకి పాలుపోసుకునే వేళకు బన్నేరుఘట్ట అడవుల వైపునుండి కొన్ని మందలు జవళగిరి, తళి, డెంకణికోట మీదుగా సానమావు అడవికి చేరుతాయి. వాటిలో కొన్ని 44వ జాతీయ రహదారిని దాటి శూలగిరి, వేప్పనపల్లి ప్రాంతాలకు వస్తాయి. ఆవల కుప్పం, పలమనేరు అడవులున్నాయి. 1980వ దశకంలో ఈ వైపునుండి వెళ్లిన ఏనుగులు చిత్తూరు జిల్లాలో నిలిచిపోగా, వాటి రక్షణకై 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది.

అడవి గడ్డికంటే రాగి కంకిలో పోషకాలు ఎక్కువ. ఒకసారి ఆ రుచి మరిగిన ఏనుగు, ముఖ్యంగా ఒంటరి మగ ఏనుగు, మరల వస్తుంది. ఒక్క రాత్రిలో ఆరు నెలల కష్టం నేలపాలు కావచ్చు. కావలి ఉన్న రైతు ప్రాణమే పోవచ్చు. కనుక రైతు కోపం అకారణమైనది కాదు.

అడ్డుకొనే పద్ధతులు

కందకం: అడవి అంచున తవ్వుతారు. వానకు గట్లు విరిగి పూడిపోతుంది. ఏటా మరమ్మతు లేనిదే నిలువదు.

సౌర కంచె: తీగలో విద్యుత్తు క్షణకాలపు తాకుడుగా, విడివిడిగా ప్రవహిస్తుంది. ఏనుగు బెదరుతుంది గాని చావదు. పిచ్చిమొక్కలు తీగను తాకితే శక్తి తగ్గిపోతుంది. దంతానికి తాకుడు తెలియదని గ్రహించిన ఏనుగులు దంతంతోనే తీగను తెంపుతాయి.

ఉక్కు తాళ్ల కంచె: దక్షిణాఫ్రికాలోని ఆడ్డో ఉద్యానంలో 1954లో ట్రాము పట్టాలను స్తంభాలుగా నాటి, లిఫ్టు తాళ్లను బిగించి ఇటువంటి కంచెను నిర్మించారు. హోసూరు అటవీ విభాగంలోనూ ఈ తరహా కంచెను వాడుతున్నారు. ఇది దృఢమైనది, ఖర్చూ ఎక్కువే.

కంచె ఒక్కటే చాలదు

నీరు పల్లమెరుగునన్నట్లు ఏనుగు కంచె లేని చోటును ఎరుగును. ఒక ఊరు తన పొలిమేరను మూసివేస్తే మంద పక్క ఊరి చేలలో పడుతుంది. ఒక రాష్ట్రం తరిమితే మరొక రాష్ట్రానికి చేరుతుంది. అందుచేత నిర్వహణకు కొలమానం ఊరు కాదు, తాలూకా కాదు. మంద నడిచే మొత్తం దారి. తమిళనాడు ప్రభుత్వం 2014లో కావేరి ఉత్తర అభయారణ్యాన్నీ, 2022లో కావేరి దక్షిణ అభయారణ్యాన్నీ ప్రకటించింది. అడవులు ఒకదానితో ఒకటి కలిసి ఉంటేనే మంద అడవిలోనే నడవగలదు. తరిమేవారు సరిహద్దు ఆవలి సిబ్బందికి ముందుగా కబురు చేయాలన్నదీ ఇందుకే.

చేయరాని పని

మోటారుకు వచ్చే కరెంటును నేరుగా ముళ్లతీగకు కలపడం సౌర కంచె కాదు, మృత్యువల. అందులో ఏనుగు పడవచ్చు. తెల్లవారి నీరు పెట్టడానికి వెళ్లిన ఇంటివాడే పడవచ్చు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఏనుగు ఉంది. దానిని చంపినవారికి మూడు నుండి ఏడు సంవత్సరాల జైలుశిక్ష పడుతుంది.

పట్టణవాసులు చేయదగినవి

ఉద్యోగాలకై హోసూరు, బెంగళూరు చేరిన అనేక తెలుగు కుటుంబాలకు ఊరిలో ఇంకా చేను ఉంది. దానిని వృద్ధులైన తల్లిదండ్రులే కాపాడుతున్నారు. పంట నష్టమైతే ఫోటోలు తీసి, పట్టా కాగితాలతో వెంటనే అటవీ, రెవెన్యూ కార్యాలయాలలో పరిహారానికి అర్జీ పెట్టడంలో వారికి తోడ్పడాలి. ఏనుగులు వచ్చాయని తెలిసిన రాత్రి పెద్దలను ఒంటరిగా కావలికి పంపరాదు. రహదారిపై మంద కనబడితే వాహనాన్ని దూరంగా ఆపాలి. ఫోటోల కోసం గుమికూడరాదు. బెదిరిన తల్లి ఏనుగు గున్నను కాపాడుకోవడానికి ఎవరిమీదికైనా వస్తుంది.

ఈసారి ఊరికి ఫోను చేసినప్పుడు ఒక ప్రశ్న తప్పక అడగవలసి ఉంది: చేని చుట్టూ ఉన్న తీగలో ప్రవహించేది ఏ కరెంటు?