యురేనియం నీటికి నానో ఇనుము: కెమిస్ట్రీ విద్యార్థులకు ఒక దారి

యురేనియం కలిసిన నీరు రంగు మారదు, రుచి మారదు. తాగేవాళ్లకు తెలియకుండానే మూత్రపిండాలు దెబ్బతినొచ్చు. లీటరుకు 30 మైక్రోగ్రాములు మించకూడదంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని నడుస్తోంది, నల్గొండ ప్రాంతంలోని లంబాపూర్, పెద్దగట్టులో నిక్షేపాలున్నాయి. కాబట్టి ఈ నీటిని బాగుచేసే విద్య మన పిల్లల చేతుల్లో ఉండాలని నా కోరిక.

అలాంటి విద్యల్లో ఒకటి నానో ఇనుము, అంటే అతి సూక్ష్మమైన ఇనుప రేణువులు. నీటిలో కరిగి తిరిగే యురేనియం, ఇనుము నుంచి ఎలక్ట్రాన్లు తీసుకుని కరగని రూపంలోకి మారి రేణువుల మీద పేరుకుంటుంది. ఈ రేణువుల తయారీ ల్యాబ్‌లో చూడాల్సిందే. ఇనుప లవణ ద్రావణంలో సోడియం బోరోహైడ్రైడ్ చుక్కలు పడుతుంటే హైడ్రోజన్ బుడగలు పొంగి, ద్రావణం నల్లబడుతుంది. గాలి తగిలితే రేణువులు తుప్పుపడతాయి, అందుకే నైట్రోజన్ వాయువులో పని చేస్తారు.

అసలు కష్టం ఆ తర్వాతే. రొమేనియాలోని లిషావా గని ప్రాంతపు నీటిపై బ్రిటన్‌లోని బ్రిస్టల్ యూనివర్సిటీ పరిశోధకులు ఈ రేణువులను పరీక్షించి 2011లో ఫలితాలు ప్రచురించారు. మొదటి గంటల్లో యురేనియాన్ని చాలావరకు పట్టేసిన రేణువులు, తర్వాత దాన్ని తిరిగి నీటిలోకి వదిలాయి. ఆ నీటిలో కార్బొనేట్లు ఎక్కువ. అవి యురేనియాన్ని గట్టిగా పట్టుకుని మళ్లీ కరిగించేస్తాయి. పైగా నీటిలోని ఆక్సిజన్ ఇనుమును తినేస్తుంది. రేణువులు తయారుచేసేవాళ్లు చాలామందే ఉన్నారు. నెల తర్వాత ఆ నీరు ఎలా ఉంటుందో చెప్పగలిగేవాళ్లు కావాలి.

అందుకే, పేరులో 'నానో' ఉందని ఏదో ఒక కోర్సులో చేరిపోకండి. బీఎస్సీ కెమిస్ట్రీ చదువుతుంటే జామ్ ప్రవేశ పరీక్ష రాసి మంచి చోట ఎమ్మెస్సీ చేయండి. తర్వాత సీఎస్ఐఆర్-నెట్‌లో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) తెచ్చుకుంటే హైదరాబాద్‌లోనే ఐఐసీటీ, ఎన్‌జీఆర్ఐ పరిశోధన సంస్థలు ఉన్నాయి. బీటెక్ కెమికల్ వాళ్లు భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) ట్రైనింగ్ స్కూల్‌కు ప్రయత్నించవచ్చు. జియాలజీ వాళ్లను చిన్నచూపు చూడొద్దు. భూగర్భంలో నీరు ఎటు పోతోందో తెలియకపోతే ఇనుము ఎక్కడ వేయాలో ఎవరికీ తెలియదు. యురేనియాన్ని కొలిచే ఐసీపీ-ఎంఎస్ యంత్రం మీద మీ చేత్తో పనిచేసే అవకాశం ఎక్కడ దొరికినా వదలొద్దు. నీటి పరీక్ష ల్యాబుల్లోనూ ఆ అనుభవం పనికొస్తుంది. యురేనియం ప్రయోగాలు మాత్రం అనుమతి ఉన్న ల్యాబుల్లోనే చేయాలి.

ఈ వారమే మీ ఊరి బోరు నీటి రిపోర్టు ఒకటి సంపాదించి, అందులో ఆల్కలినిటీ ఎంతుందో చూడండి. అదెందుకు ముఖ్యమో మీ లెక్చరర్‌ను అడగండి.