గాలివానలకు ముందు ఇంటి మరమ్మతు: మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతపు రైతులకు

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములు సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైగా ఎత్తున, తూర్పు తీరమునకు నూరు మైళ్లకు మించిన దూరమున నున్నవి. అందుచే తుపాను అనునది నెల్లూరు, బందరు వారి కష్టమేగాని తమది కాదని ఇచ్చటి రైతులలో పలువురు తలంతురు. సముద్రపు ఉప్పెన ఇచ్చటికి రాదనుట నిజమే. అయినను ఈ సీమ యిండ్లకు ఏటేట రెండు పరీక్షలు కలవు. భరణి, కృత్తిక కార్తెలలో, అనగా ఏప్రిలు చివర మొదలు మే నెలలో, మధ్యాహ్నపు ఎండ ముదిరిన పిదప ఉరుములతో, వడగండ్లతో వచ్చు పెనుగాలి మొదటిది. స్వాతి మొదలు జ్యేష్ఠ వరకు, అక్టోబరు చివర నుండి డిసెంబరు నడుమ దాక, బంగాళాఖాతపు వాయుగుండములు తెచ్చు ముసురువాన రెండవది. మొదటిది అరగంటలో కప్పును పైకెత్తివేయును. రెండవది మూడు నాలుగు దినములలో గోడను అడుగున కరగించును. ఈ రెంటి స్వభావము వేరు గనుక మరమ్మతును వేరు, మరమ్మతు చేయవలసిన కాలమును వేరు. సరిహద్దున కావల నున్న ముళబాగిలు, శ్రీనివాసపురము తాలూకాల తెలుగు రైతులకును ఇదే వర్తించును.

తీరము దాటిన తుపాను భూమిపైకి వచ్చినకొలది గాలి సన్నగిల్లును గాని వాన సన్నగిల్లదు. కొండలకు తగిలినచోట ఒక్కొక్కప్పుడు హెచ్చును. 2020 నవంబరు 25 రాత్రి పుదుచ్చేరి వద్ద తీరము దాటిన నివర్ తుపాను, 2022 డిసెంబరు 9 రాత్రి మహాబలిపురము వద్ద దాటిన మాండూస్ తుపాను ఇందుకు నిదర్శనములు. ఇంతకంటె గమనింపదగినది 2021 నవంబరు నాటి వాన. నవంబరు 19 తెల్లవారుజామున మదరాసు సమీపమున తీరము దాటినది తుపాను సైతము కాదు, పేరు పెట్టని వాయుగుండము మాత్రమే. మదనపల్లె ప్రక్కగా పారు బాహుదా నదియు పింఛా నదియు కలిసి చెయ్యేరగును. ఆ చెయ్యేటిపై రాజంపేట తట్టున నున్న అన్నమయ్య జలాశయపు మట్టికట్ట ఆ దినముననే తెగి, పులపత్తూరు, మందపల్లె మొదలగు గ్రామములు కొట్టుకొనిపోయినవి. ఆ వానలలోనే కదిరి పట్టణమున ఒక మూడంతస్తుల భవనము రాత్రివేళ కూలి, నిద్రలో నున్నవారు మరణించిరి. కావున రేడియోలో ‘తుపాను’ అను మాట వినబడలేదు గదా యని రైతు నిశ్చింతగా నుండరాదు. ఈ ఎత్తు ప్రదేశమున ప్రాణములు తీయునది గాలికంటె నానిన గోడయే.

మట్టిగోడ ఎండియున్నంతకాలము మిక్కిలి గట్టిది. పూర్వులు కట్టిన మూరెడు మందపు గోడలు మూడు తరములు నిలిచినవి కలవు. అయితే తడిసిన మన్నునకు బలము లేదు. గోడలోనికి నీరు మూడు దారుల వచ్చును: తలమీదుగా, ముఖముమీదుగా, అడుగునుండి. మొదటి రెండును కంటికి కనబడును గనుక రైతు వానిని బాగుచేయించును. మూడవదానిని ఉపేక్షించును. చూరు నుండి జారిన నీరు నేలమీద పడి తిరిగి గోడపైకి అడుగు, అడుగున్నర ఎత్తువరకు చిందును. ఇట్లు ఏటేట చింది, గోడ అడుగుభాగము లోనికి తినివేయబడి, పైన ఒకటిన్నర అడుగు మందముగల గోడ అడుగున ఒక అడుగైనను ఉండదు. పైబరువు మాత్రము తగ్గదు. పశువులను గోడకానించి కట్టువారి యిండ్లలో మూత్రపు ఉప్పు మట్టిలో చేరి, అది పొడిపొడిగా రాలి, ఈ హాని రెట్టింపగును. కొట్టము ఇంటిగోడను ఆనుకొని యున్నచో కట్టుగుంజలను కనీసము నాలుగడుగులు ఎడముగా నాటింపవలెను.

దీనికి మందు ఒక్కటే. నేలమట్టమునకు పైన రెండడుగుల వరకు గోడ రాతికట్టుగా నుండవలెను. ఈ సీమలో రాతికి కొదువ లేదు. క్రొత్తయిల్లు కట్టువారికి ఇది సులభము. పాతగోడకైనచో మూడేసి అడుగుల చొప్పున తునకలు తునకలుగా అడుగును తొలిచి, రాయి సిమెంటుతో నింపుచు పోవలెను. ఒక తునక గట్టిపడిన పిదపనే ప్రక్క తునకను ముట్టవలెను. ఒక్కమారుగా గోడపొడవునను త్రవ్వించిన వారి గోడ వానకు ముందే పడును. గోడచుట్టును మూడడుగుల వెడల్పున అరుగు వేసి, అది గోడవైపు ఎత్తుగను వెలుపలికి వాలుగను ఉండునట్లు చేయవలెను. మూడడుగులకు రెండంగుళముల వాలు చాలును.

ఇటీవల గ్రామములలో సిమెంటు రోడ్లు వేయుటచే వీధి ఎత్తు పెరిగి, పాతయిండ్ల గడపలు వీధికంటె పల్లమైనవి. పూర్వము వీధిలోనికి పోయిన ఇంటినీరు ఇప్పుడు వీధినుండి ఇంటిలోనికి వచ్చుచున్నది. ఇట్టి యిండ్లవారు వీధిప్రక్కన కాలువ తీసి, దానిని దసరా నాటికే పూడిక లేకుండ చూచుకొనక తప్పదు. చెరువు కట్టక్రిందను మరవకాలువ దారిలోను ఇల్లు గలవారికి ఇంటి మరమ్మతు మాత్రమే చాలదు. ఇచ్చట చెరువులు ఒకదానిక్రింద నొకటి గొలుసుగా నున్నవి. పైచెరువు తెగినచో క్రిందివి వరుసగా తెగును. మరవకు అడ్డముగా మన్నువేసి నీరు మరి కొంత నిలుపుకొనుట ఆయకట్టుదారులకు లాభముగా తోచవచ్చును గాని, ఆ లాభము కట్టక్రింద పడుకొన్నవారి ప్రాణములతో చేయు జూదము.

గోడముఖమునకు పూత విషయమున ఒక పొరపాటు విస్తారముగా వ్యాపించినది. మట్టిగోడకు సిమెంటు పూత పూయించినచో వాన తగలదని తలంతురు. సిమెంటు మట్టితో కలిసి వ్యాకోచింపదు, సంకోచింపదు. రెండు మూడేండ్లలో వెండ్రుకవంటి పగుళ్లు పుట్టి, వానిలో దిగిన నీరు మరల వెలుపలికి రాలేక గోడలోనే నిలుచును. పైకి గోడ తెల్లగా చక్కగా కనబడుచు లోపల ముద్దయగును. అట్టిగోడ హెచ్చరిక లేక పడును. మన్ను, తరిగిన వరిగడ్డి, పేడ కలిపి వారము దినములు మాగనిచ్చి పూసిన పూత, ఏటేట పూయవలసినదైనను, మట్టిగోడకు మేలు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు ఇట్టి మట్టిపూతలో కిరసనాయిలుతో పలుచన చేసిన తారును కలిపి, వానకు కరగని పూతను రూపొందించిరి. పైన పేడ అలుకు వేసినచో నలుపు కనబడదు. వానపడు దిక్కు గోడలకైనను ఇది చేయించుట మంచిది. మన్నుపని యంతయు ఉగాది తరువాతి ఎండలలోనే ముగియవలెను. వినాయకచవితి తరువాత పూసిన పూత ఆరకమునుపే తడియును.

ఇక మట్టిమిద్దెలు. మిద్దె కారినప్పుడెల్ల పైన మరియొక బుట్టెడు చవిటిమన్ను వేయించుట వాడుక. పాతమన్ను గీకించుట మాత్రము వాడుక కాదు. పదియడుగుల వెడల్పు, పదునైదడుగుల పొడవు గల గదిపై ఒక్క అంగుళము మందపు ఎండుమన్ను 600 కిలోలకు పైగా తూగును. పదేండ్లలో అయిదంగుళములు పెరిగినచో మూడు టన్నుల అదనపు బరువు ఆ దూలములపై నిలుచును. తడిసినప్పుడు మరింత. ఆ దూలములు తాత నాటివి. కొనలు గోడలో నుండుటచే చెదలు పట్టినది లేనిది కనబడదు. ఏటికొకమారు ప్రతి దూలపు కొనను గునపముతో పొడిచి చూడవలెను. గునపము అంగుళము దిగినచో ఆ దూలముక్రింద ఊతగుంజ నిలిపిన పిదపనే ఆ గదిలో పడుకొనవలెను. పాతమన్ను గీకి, ఒక గట్టి ప్లాస్టిక్ పట్టా పరచి, దానిపై మూడు నాలుగంగుళములు మాత్రమే మన్ను పరచినచో కప్పు తేలికయు నగును, కారుటయు మానును. మిద్దెనీరు పోవు గొట్టము గోడనుండి రెండడుగులైనను ముందునకు చొచ్చియుండవలెను. కురుచ గొట్టము మిద్దెను కాపాడి గోడను చంపును. కుప్పము తట్టున రాతిబండలు పరచిన కప్పులకు ఈ బరువు పెరుగుట లేదు గాని, బండ రెండు కొనలును గోడపై ఆరంగుళములకు తక్కువ కాకుండ ఆనియున్నవో లేదో, నడుమ నెరియ యున్నదో చూచుకొనవలెను.

వేసవిగాలికి భయపడవలసినవి రేకుల కప్పులు. పట్టుపురుగుల షెడ్లు, పశువుల కొట్టములు, టమాట గంపలు పెట్టు సావిళ్లు నేడు చాలవరకు రేకులవే. గాలి కప్పును క్రిందికి నొక్కునని సామాన్యులు తలంతురు. అది పొరపాటు. కప్పుమీదుగా వడిగా పోవు గాలి దానిని పైకి పీల్చును. ఎదురుగాలికి తలుపు తెరచుకొన్నచో లోపలినుండి తోపుడును తోడగును. ప్రభుత్వపు భవన ప్రమాణములలో బెంగుళూరునకు సెకనుకు 33 మీటర్ల గాలివేగమును, చెన్నపట్టణమునకు 50 మీటర్ల వేగమును లెక్కకు తీసికొందురు. తక్కువదైన 33 మీటర్లనే తీసికొన్నను, అనగా గంటకు సుమారు 120 కిలోమీటర్లు, చదరపు మీటరుకు 65 కిలోల బలము కప్పుపై పనిచేయును. ఇనుపరేకు చదరపు మీటరుకు అయిదు కిలోలు మాత్రమే తూగును. ఇరువదియడుగుల పొడవు, పదునైదడుగుల వెడల్పు గల షెడ్డుపై రేకుల బరువు 140 కిలోలు, దానిని పైకి లాగు బలము 1,800 కిలోలు. ఇది పది పుంగనూరు ఆవుల బరువునకు తక్కువ కాదు. గాలివేగము రెట్టింపైనచో ఈ బలము నాలుగింతలగును. మంగుళూరు పెంకుల కప్పు తన బరువుచేతనే కొంత నిలుచును గాని, చూరువద్దను వెన్నువద్దను గాలిలాగుడు హెచ్చు గనుక ఆ రెండు వరుసల పెంకులను తీగతో కట్టక తప్పదు.

రేకులపై రాళ్లు, ఇసుకమూటలు పెట్టుట నిరర్థకమే గాక అపాయకరము. రేకు లేచినప్పుడు రాయియు లేచి ప్రక్కయింటివారిపై పడును. కప్పును కప్పు బరువుతో గాక గోడబరువుతో కట్టవలెను. ఈ కట్టు గొలుసువంటిది. రేకు పట్టెకు, పట్టె వాసమునకు, వాసము గోడపై దూలమునకు, దూలము గోడకు, గోడ పునాదికి బిగియవలెను. ఇందు ఒక లంకె వదులైనచో తక్కినవానికి పెట్టిన డబ్బు దండుగ. సామాన్యముగా రేకులకు బోల్టులు బిగించి, దూలమును మాత్రము గోడమీద ఊరక పరచివిడుతురు. అప్పుడు గాలి రేకులను విడిగా గాక కప్పునంతటిని ఒక్కతునకగా ఎత్తుకొనిపోవును. దూలమును పట్టిన ఇనుపపట్టీలు గోడలోనికి మూడడుగులు దిగి, ఒక రాతిక్రింద గాని కాంక్రీటు దిమ్మెలో గాని వంగియుండవలెను. రేకులకు మేకులు కొట్టరాదు. కొక్కెపు బోల్టులే వాడవలెను. బోల్టు రేకుమడత యొక్క ఎత్తుభాగమున, రబ్బరు వాషరుతో నుండవలెను. చూరువద్దను, వెన్నువద్దను, రెండు ప్రక్కల అంచులవద్దను ఒక మడత విడిచి ఒక మడతకు బోల్టు వేయవలెను. చూరు గోడను దాటి ఒకటిన్నర అడుగునకు మించినచో గాలికి పట్టుదొరకును. మట్టిగోడకు పొడవైన చూరు మేలు, గాలికి కురుచ చూరు మేలు. ఈ రెంటికి నడుమ ఉపాయమేమనగా, ముందు పంచకు వేరుగా కప్పువేసి దానిని ఇంటికప్పుతో కలుపకుండుట. పంచ పోయినను ఇల్లు మిగులును. ఈ పనులన్నియు ఉగాదికి ముందే కావలెను. తుప్పుపట్టిన బోల్టు పైకి గట్టిగానే కనబడును గనుక ప్రతిదానిని పట్టుకారుతో త్రిప్పి చూచుట మంచిది.

ఇంటిపైకి వంగిన చింతకొమ్మలను, ఎండిన కొబ్బరిమట్టలను వేసవికి ముందు కొట్టింపవలెను. గాలి వచ్చునప్పుడు తలుపులు, కిటికీలు అన్నియు మూసి అడ్డగడియ వేయవలెను. ఉరుములలో చెట్టుక్రిందికి గొఱ్ఱెలకాపరులు చేరకుండ ముందుగనే చెప్పియుంచవలెను. మెరుపు కనబడిన పిదప ముప్పది సెకనులలో ఉరుము వినబడినచో పిడుగు దగ్గరలో నున్నట్లే. కడపటి ఉరుము తరువాత అరగంట వరకు పొలమునకు పోరాదు. తెగిన కరెంటుతీగ నీటిలో పడియున్నచో ఆ నీటిని ముట్టక 1912 నంబరునకు ఫోను చేయవలెను. పట్టాదారు పాసుపుస్తకము, బ్యాంకు కాగితములు, విత్తనములు అటకపై ప్లాస్టిక్ సంచిలో నుండవలెను.

ముసురు రెండవ దినము దాటిన పిదప ఇంటి యజమాని ఉదయము, సాయంకాలము లాంతరు గాని టార్చిలైటు గాని చేతబట్టి గోడలచుట్టు తిరిగి చూడవలెను. గోడనడుమ ఉబ్బుట, మూలల పగుళ్లు వెడల్పగుట, పూత పెళ్లలుగా రాలుట, అంతవరకు సులభముగా మూసిన తలుపు గొళ్లెము పడకుండుట, అడుగున మన్ను ముద్దగా జారుట, ఇవి గోడ పడుటకు ముందు కనబడు గురుతులు. వీనిలో ఒక్కటి కనబడినను ఆ రాత్రి ఆ యింట పడుకొనరాదు. పిల్లలను, ముసలివారిని మొదట బడికి గాని పక్కాయింటికి గాని చేర్చి, పశువులను కట్టు విప్పి విడువవలెను. ఇల్లు విడుచుట చిన్నతనమని తలంచి పెద్దలే వెనుకకు మిగులుట పలుచోట్ల జరుగుచున్నది. వాన వెలిసి ఎండ కాచిన దినమున తిరిగి వచ్చుటకు తొందరపడరాదు. గోడలోపలి తేమ వెంటనే పోదు. వాన నిలిచిన రెండు మూడు దినములకు కూలిన గోడలును కలవు. గోడ అడుగున గోటితో గీచిన మన్ను ముద్దగాక పొడిగా రాలువరకు ఆ గోడప్రక్కన మంచము వేయరాదు, పశువును కట్టరాదు.