చీకటి తిత్తిలో దీపం

పిల్లలూ! మా బంగారుపాళ్యంలో మామిడికాయల కాలం వచ్చిందంటే మార్కెట్టు దారి పొడవునా కాయల బండ్లే. ఆ కాయల్లో ఒకటి చేతిలోకి తీసుకోండి. పైకి నిగనిగలాడుతూ ఉంటుంది. మచ్చ లేదు, మరక లేదు. కోసి చూస్తే ఒక్కోసారి టెంకలో పురుగు! పిందెగా ఉన్నప్పుడే పురుగు కాయ తొక్క మీద గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు తొలుచుకుంటూ టెంకలోకి చేరాక ఆ గాటు మానిపోతుంది. అందుకే పైచూపుకు ఏమీ తెలియదు.

కాయనైతే కోసి చూస్తాం. మనిషిని అలా కోసి చూడలేం గదా! మరి ఒంట్లో ఏ మూలనో జబ్బు ఉంటే డాక్టర్లు ఎలా కనుక్కుంటారు? ఎక్స్‌రే ఉంది, స్కానింగు ఉంది. ఎక్స్‌రే చూపేది నీడను. అల్ట్రాసౌండు స్కానింగు చూపేది ధ్వని ప్రతిధ్వనులతో గీసిన బొమ్మను. ఇవి కాక, ఎక్కడా కోయకుండానే లోపలికి దీపం పంపి సూటిగా చూసే మార్గం కూడా ఒకటుంది. మూత్రాశయాన్ని అలా చూసే పరీక్ష పేరు సిస్టోస్కోపీ. గ్రీకు భాషలో 'కిస్టిస్' అంటే తిత్తి. 'స్కోపు' అంటే మీకు తెలుసు. మైక్రోస్కోపు, టెలిస్కోపు ఉన్నాయి కదా, ఇదీ వాటి చుట్టమే.

ఆ తిత్తి ఎక్కడుంది?

విసర్జక వ్యవస్థ పాఠం ఒకసారి గుర్తు చేసుకుందాం. వీపు వైపు, నడుముకు కొంచెం పైన రెండు మూత్రపిండాలు ఉన్నాయి. అవి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడగడతాయి. అందులో ఎక్కువ భాగాన్ని తిరిగి రక్తానికే ఇచ్చేస్తాయి. మిగిలిన ఒకటిన్నర లీటరు మాత్రమే మూత్రం. అది రెండు మూత్రనాళాల గుండా పొత్తికడుపులోని మూత్రాశయానికి చేరుతుంది. అక్కడి నుంచి ప్రసేకం అనే గొట్టం ద్వారా బయటికి పోతుంది.

మూత్రాశయం కండరంతో చేసిన తిత్తి. ఖాళీగా ఉంటే ఊదని బుడగలాగా ముడుచుకొని ఉంటుంది. పెద్దవాళ్లలో 400 నుంచి 500 మిల్లీలీటర్ల దాకా పట్టేంతగా సాగుతుంది. ప్రసేకం పొడవు మగవారిలో సుమారు 20 సెంటీమీటర్లు, ఆడవారిలో సుమారు 4 సెంటీమీటర్లు. ఈ సన్నని దారి వెంటనే దీపం వెళ్లాలి. దారి ప్రకృతి పెట్టిందే. కొత్తగా గాటు పెట్టే పని లేదు.

కొవ్వొత్తితో మొదలు

ఇరుకు మూతి చెంబు అడుగున ఒక గింజ వేసి చూడండి. కన్ను దగ్గరికి పెడితే మీ తలే వెలుగుకు అడ్డం వస్తుంది. కన్ను దూరం పెడితే గింజ కనిపించదు. అంటే ఇక్కడ రెండు చిక్కులున్నాయి. వెలుగు లోపలికి పోవాలి, అదే ఇరుకు దారిలో బొమ్మ బయటికి రావాలి.

మన సుశ్రుత సంహితలో గొట్టాల వంటి వైద్య పరికరాలకు 'నాడీ యంత్రాలు' అని పేరుంది. మూత్రాశయంలోని రాయిని కోసి తీసే పద్ధతి కూడా అందులో ఉంది. కాని రాయి ఎక్కడుందో ఆనాటి వైద్యుడు వేలితో తడిమి తెలుసుకోవలసిందే.

1806లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో ఫిలిప్ బొజ్జీని అనే డాక్టరు ఒక పరికరాన్ని లోకానికి చూపాడు. ఒక పెట్టెలో కొవ్వొత్తి, దాని వెనుక అద్దం, ముందు గొట్టం. గొట్టాన్ని నిలువునా రెండు భాగాలు చేశాడు. ఒక భాగంలో వెలుగు లోపలికి పోతుంది, రెండో భాగంలో నుంచి కన్ను చూస్తుంది. చూశారా, రెండు చిక్కులకూ రెండు దారులు! వియన్నాలోని వైద్య పెద్దలు మాత్రం దానిని ఆదరించలేదు. బొజ్జీని 1809లో టైఫస్ జ్వరపు రోగులకు వైద్యం చేస్తూ, తానే ఆ జ్వరానికి బలయ్యాడు. అప్పటికి అతనికి 35 ఏళ్లు.

1853లో ఫ్రాన్సులో దెసొర్మో అనే డాక్టరు కొవ్వొత్తికి బదులు సారాయీ టర్పెంటైనూ కలిపి మండించే దీపం వాడాడు. వెలుగు పెరిగింది. దానితోపాటు వేడీ పెరిగింది.

అప్పటిదాకా దీపం బయటే ఉండేది. మాక్సిమిలియన్ నిట్జే అనే జర్మన్ డాక్టరు ఇంకోలా ఆలోచించాడు. గదిలో వెలుతురు కావాలంటే దీపాన్ని గదిలోకే తీసుకుపోవాలి గదా! 1870ల చివర అతను గొట్టం కొసనే ప్లాటినం తీగ పెట్టి, విద్యుత్తుతో ఎర్రగా వెలిగేలా చేశాడు. తీగ వేడికి ఒళ్లు కాలకుండా దాని చుట్టూ చన్నీళ్లు పారించాలి. బొమ్మను బయటికి తేవడానికి గొట్టంలో వరుసగా కటకాలు అమర్చాడు. ఎడిసన్ బల్బు వచ్చిన తరువాత, 1887 నాటికి, కొసన బుల్లి బల్బు చేరింది. చన్నీళ్ల గొడవ తీరింది. కాని బల్బు కూడా వేడెక్కేదే. వేడి లేని వెలుగు కోసం ఇంకా చాలా ఏళ్లు ఆగవలసి వచ్చింది.

వెలుగుకు గాజు కాలువ

వెలుగు తిన్నగా పోతుందని చదివారు. మరి వంకరదారిలో పోతుందా? ఈ ప్రయోగం చేసి చూడండి.

ఒక ప్లాస్టిక్ నీళ్ల సీసాకు, అడుగు నుంచి నాలుగు వేళ్ల ఎత్తున, పెద్దవాళ్ల సాయంతో చిన్న రంధ్రం చేయండి. రంధ్రాన్ని వేలితో మూసి నీళ్లు నింపండి. గదిని చీకటి చేసి, రంధ్రానికి సరిగ్గా ఎదురువైపు నుంచి బ్యాటరీ లైటు వేయండి. ఇప్పుడు వేలు తీయండి. నీటిధార వంగి కింద పడుతుంది. ఆ ధార కింద అరచేయి పెట్టండి. వెలుగుచుక్క మీ అరచేతిలో మెరుస్తుంది! ఇలాంటి ప్రయోగాన్నే జెనీవాలో కొలడాన్ 1841లోను, లండన్‌లో టిండాల్ 1854లోను చేసి చూపారు.

కారణం ఏమిటి? నీటిలోని వెలుగు కిరణం గాలిలోకి పోబోతుంది. కాని అది నీటి అంచును బాగా ఏటవాలుగా తాకితే బయటికి పోలేక మళ్లీ నీటిలోకే తిరిగి వస్తుంది. దీనినే సంపూర్ణాంతర పరావర్తనం అంటారు. పతన కోణం సందిగ్ధ కోణాన్ని మించినప్పుడు ఇది జరుగుతుంది. నీటికి ఆ కోణం సుమారు 49 డిగ్రీలు, మామూలు గాజుకు సుమారు 42 డిగ్రీలు. కిరణం ఈ అంచుకూ ఆ అంచుకూ తగులుతూ ధార వెంబడే పోతుంది. నీటిధారకు బదులు వెంట్రుకంత సన్నని గాజుపోగు తీసుకుంటే, అదే దృశా తంతువు.

వెలుగు సరే, బొమ్మ ఎలా వస్తుంది? మీ ఇంటి ముందు వేసే చుక్కల ముగ్గును తలచుకోండి. ఒక్కొక్క పోగు ఒక్కొక్క చుక్క వెలుగును మోసుకొస్తుంది. వేల పోగులను కట్టగా కట్టి, ఆ కొసన ఏ వరుసలో ఉన్నాయో ఈ కొసన కూడా అదే వరుసలో ఉంచితే చుక్కలన్నీ కలిసి బొమ్మ అవుతాయి. వరుస తప్పితే బొమ్మ చెదిరిపోతుంది. ఇలాంటి కట్టతో బొమ్మను పంపవచ్చని 1954లో లండన్‌లో చూపిన వారిలో ఒకరు మన దేశస్థుడే. పంజాబులోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ. ఆయన గురువు హెరాల్డ్ హాప్కిన్స్ తరువాత, 1959లో, వంగని గొట్టాలకు కూడా ఒక మేలు చేశాడు. పాత గొట్టంలో గాలి ఎక్కువ, గాజు తక్కువ. ఆయన దానిని తిరగేశాడు. పొడవాటి గాజుకడ్డీలు పెట్టి, వాటి మధ్య కొద్దిగా గాలి వదిలాడు. దానితో బొమ్మ ఎంతో కాంతివంతమయింది.

ఇప్పుడు బల్బు బయట పెట్టెలోనే ఉంటుంది. దాని వేడి అక్కడే ఆగిపోతుంది. వెలుగు మాత్రం గాజుపోగుల వెంట లోపలికి పోతుంది. ఇంకా కొత్త గొట్టాల కొసన బుల్లి కెమెరాయే ఉండి, బొమ్మ టీవీ తెర మీద కనిపిస్తుంది. ఇదే సూత్రంతో అన్నవాహిక, జీర్ణాశయం, పేగులు కూడా చూస్తారు. ఆ విద్యలో పేరు పొందిన హైదరాబాదు డాక్టరు డి. నాగేశ్వరరెడ్డి గారికి 2025లో పద్మవిభూషణ్ వచ్చింది.

పరీక్ష ఎలా చేస్తారు?

ముందుగా మూత్రం పరీక్షించి, చీము, సూక్ష్మజీవులు ఉన్నాయేమో చూస్తారు. ఉంటే ముందు వాటికి మందు ఇస్తారు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. తరువాత ప్రసేకంలోకి తిమ్మిరెక్కించే జెల్లీ పెట్టి కొద్ది నిమిషాలు ఆగుతారు. వంగే గొట్టమైతే రోగి మేలుకొని ఉండగానే చూడవచ్చు. వంగని గొట్టానికి సాధారణంగా వెన్నులో మత్తుసూదో, పూర్తి మత్తో ఇస్తారు. చిన్నపిల్లలకు మామూలుగా పూర్తి మత్తే ఇస్తారు.

గొట్టం లావు ఎంత? దీనికి 'ఫ్రెంచి' అనే కొలత ఉంది. 3 ఫ్రెంచి అంటే 1 మిల్లీమీటరు. 15 ఫ్రెంచి గొట్టం ఎన్ని మిల్లీమీటర్లో లెక్క కట్టండి. ఐదే! ముడుచుకొన్న తిత్తిలో మడతల చాటున ఏముందో తెలియదు కనుక, గొట్టం గుండా శుద్ధిచేసిన నీటిని పంపి తిత్తిని సాగదీస్తారు. అప్పుడు మూత్రం పోయాలి అనిపించడం సహజం. చూడడం మాత్రమే అయితే కొద్ది నిమిషాల పని.

లోపల ఏం కనిపిస్తుంది? ఆరోగ్యమైన గోడ లేత గులాబి రంగులో, ఆకు ఈనెల్లాంటి రక్తనాళాలతో ఉంటుంది. అడుగున ఒక త్రికోణం కనిపిస్తుంది. దాని రెండు మూలల్లో మూత్రనాళాల నోళ్లు, మూడో మూలలో ప్రసేకం ద్వారం ఉంటాయి. చూస్తూ ఉండగానే ఆ నోళ్లు అప్పుడప్పుడు మూత్రాన్ని చిమ్ముతాయి. ఎడమ నోటి నుంచి ఎర్రగా చిమ్మితే జబ్బు తిత్తిలో కాదు, దానికి పైన, ఎడమ మూత్రపిండం వైపు ఉందన్నమాట! రాళ్లు, వాపు, గడ్డలు, ప్రసేకంలో ఇరుకు, ఇవన్నీ సూటిగా కనిపిస్తాయి. అనుమానమున్న చోట చిన్న ముక్క తీసి మైక్రోస్కోపు కిందకు పంపుతారు. అయితే మూత్రపిండం లోపలి సంగతి ఈ గొట్టం చూపలేదు. దానికి స్కానింగు కావాలి.

పరీక్ష తరువాత ఒకటి రెండు రోజులు మంటగా ఉండవచ్చు, మూత్రం కాస్త ఎర్రబారవచ్చు. నీళ్లు బాగా తాగాలి. చలిజ్వరం వచ్చినా, రక్తపు గడ్డలు పడినా, మూత్రం ఆగిపోయినా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

'వేడి చేసింది' అని ఊరుకోవచ్చా?

ఎండాకాలంలో మూత్రం ముదురు పసుపుగా, మంటగా వస్తే మనవాళ్లు 'వేడి చేసింది' అంటారు. మజ్జిగో సబ్జా నీళ్లో బార్లీ నీళ్లో ఇస్తారు. చెమట ఎక్కువై మూత్రం చిక్కబడితే ఇవి చాలు. కాని మూత్రంలో రక్తం పడితే అది వేడి కాదు. బీట్‌రూట్ తిన్నా, క్షయకు రిఫాంపిసిన్ మాత్ర వేసుకున్నా మూత్రం రంగు మారుతుంది. అది వేరే సంగతి. ఆ రెండూ లేకుండా ఎర్రబడితే డాక్టరుకు చూపవలసిందే.

చాలాసార్లు కారణం రాయో, సూక్ష్మజీవులో అవుతాయి. కొన్నిసార్లు మాత్రం క్యాన్సరు. మోసమంతా ఇక్కడే ఉంది. క్యాన్సరు రక్తం నొప్పి లేకుండా ఒకనాడు కనిపించి, మరునాడు మాయమవుతుంది. 'తగ్గిపోయింది' అనుకొని నెలలు గడిపేస్తారు. బీడీ, సిగరెట్టు తాగేవారికి ఈ ముప్పు ఎక్కువ. ఎందుకంటే పొగలోని విషాలు ఊపిరితిత్తుల నుంచి రక్తంలో కలిసి, మూత్రపిండాల్లో వడపడి, ఈ తిత్తిలో గంటల తరబడి నిలువ ఉంటాయి. రంగుల ఫ్యాక్టరీ కార్మికుల్లో ఈ జబ్బు కనిపిస్తున్నదని జర్మన్ డాక్టరు లూడ్విగ్ రేన్ 1895లోనే గుర్తించాడు.

తొందరగా పట్టుకుంటే, లోపలి పొర మీదే ఉన్న గడ్డను పొట్ట కోయకుండా ఇదే దారిలో గొట్టం పంపి తీసివేయగలరు. ఆలస్యమైతే తిత్తినే తీసివేయవలసి రావచ్చు. మా వైపు వాళ్లు రాయవేలూరు అని పిలిచే వేలూరులోని క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలోను, తిరుపతి స్విమ్స్‌లోను మూత్రవ్యాధుల విభాగాలున్నాయి. కావలసిందల్లా సిగ్గు విడిచి నోరు తెరిచి చెప్పడమే. చెప్పుకోలేని చోటు కాబట్టి తాతయ్యలు, అవ్వలు దాచుకుంటారు. వాళ్లకు ఈ పాఠం చదివి వినిపించండి. మీకే అలా అయితే అమ్మకో నాన్నకో ఆ రోజే చెప్పండి. మూత్రపిండాలూ మూత్రాశయమూ కళ్లూ చెవుల్లాంటి అవయవాలే. వాటి జబ్బులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

ఆలోచించి జవాబు చెప్పండి

1. నీటికి సందిగ్ధ కోణం 49 డిగ్రీలు, గాజుకు 42 డిగ్రీలు. వెలుగును లోపలే నిలిపి ఉంచడంలో ఏది మేలు? ఎందుకు?

2. పరీక్షలో మూత్రాశయాన్ని నీటితో ఎందుకు నింపుతారు?

3. కుడి మూత్రనాళం నోటి నుంచి ఎర్రగా, ఎడమ నోటి నుంచి తేటగా మూత్రం చిమ్మితే డాక్టరు తరువాత ఎక్కడ వెతుకుతాడు? ఏ పరీక్షతో?