ఫోన్ లాక్కుంటే ఆట మానేస్తాడా?

సమస్య: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. రాత్రి రెండింటి దాకా ఫోన్‌లో ఫ్రెండ్స్‌తో కాల్పుల ఆట ఆడతాడు. పొద్దున లేవడు, టిఫిన్ ముట్టడు, ప్రాణంగా ఆడే క్రికెట్ మానేశాడు. అన్నానికి పిలిస్తే ‘మ్యాచ్ మధ్యలో ఉన్నా’నని అరుస్తాడు. వాళ్ల నాన్న ఫోన్ లాక్కుంటే రెండు రోజులు మాతో మాట్లాడలేదు. ‘మూడు గంటలే కదా’ అని వాదిస్తాడు. ఫోన్ పూర్తిగా తీసేయమంటారా?
– ఒక తల్లి, ఖమ్మం

సలహా: అమ్మా, మూడు గంటలు ఎక్కువా తక్కువా అనే వాదన ఎటూ తేలదు. 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో గేమింగ్ రుగ్మత ఉంది. దాని లక్షణాల్లో ఎక్కడా గంటల లెక్క లేదు. ఆట అదుపు తప్పడం, మిగతా పనులన్నీ దాని వెనక్కి పోవడం, నష్టం కనబడుతున్నా ఆపలేకపోవడం అన్నవే గుర్తులు. ఇవి సాధారణంగా ఏడాదిపాటు ఉండి, చదువునూ ఇంటినీ గట్టిగా దెబ్బతీస్తేనే రుగ్మత అంటారు. మీ అబ్బాయికి అది ఉందని ఒక ఉత్తరం చూసి చెప్పకూడదు. అయితే నిద్ర, టిఫిన్, క్రికెట్ వరసగా పోతున్నాయంటే తేలిగ్గా తీసుకోకూడదు. పోయిన ఈ మూడింటినీ తిరిగి తేవడమే మీ పని. గంటలు వాటంతటవే తగ్గుతాయి.

ఫోన్ తీసేస్తే సరిపోదా అంటారేమో. దక్షిణ కొరియా 2011లో పదహారేళ్ల లోపు పిల్లలకు అర్ధరాత్రి నుంచి ఆరింటిదాకా ఆన్‌లైన్ ఆటలు నిలిపేసింది. అది ప్రధానంగా కంప్యూటర్ ఆటలకే వర్తించడంతో పిల్లలు మొబైల్‌కు మళ్లారు. పదేళ్లకు ఆ చట్టాన్నే ఎత్తేయాలని నిర్ణయించారు. మన దేశంలో 2020 సెప్టెంబరులో పబ్జీని నిషేధిస్తే, మరుసటి ఏడాదే అదే తరహా ఆట కొత్త పేరుతో వచ్చింది. ప్రభుత్వాలు మూసిన తలుపుకే పక్కదారి దొరికినప్పుడు, మీరు లాక్కున్న ఫోన్‌కు బదులు ఫ్రెండ్ ఫోన్ దొరకదా? పైగా ఈ ఆటల్లో నలుగురు ఒక జట్టు, మ్యాచ్ దాదాపు అరగంట. మధ్యలో లేస్తే మిగతా ముగ్గురూ తిడతారు, ర్యాంకు పడిపోతుంది. ఆ అరుపు వెనక తోటివాళ్ల దగ్గర మాట పోతుందన్న భయమూ ఉంటుంది.

అందుకే నిమిషాలతో కాక మ్యాచ్‌లతో హద్దు పెట్టండి. రోజుకు ఎన్ని మ్యాచ్‌లో వాడితోనే చెప్పించండి. ఆఖరిది అన్నానికి ముందే ముగియాలి. రాత్రి పదింటికి ఇంట్లో అందరి ఫోన్లూ హాల్లోనే ఛార్జింగ్‌కు పెట్టాలి, నాన్నగారిది కూడా. ముందు నిద్ర దారిలో పడితే పొద్దున లేవడం, ఆకలి, చదువు ఒక్కొక్కటిగా కుదురుకుంటాయి. ఆదివారం క్రికెట్‌కు పాత జట్టును మీరే కదిలించండి. ఆటలో దొరికే గెలుపూ స్నేహమూ బయట దొరక్కపోతే వాడు మళ్లీ ఫోన్ దగ్గరికే వెళ్తాడు.

ఇది గారాబం అని నాన్నగారు అనవచ్చు. హద్దు లేకపోతే గారాబమే. ఇక్కడ హద్దు ఉంది, అది ఇంటిల్లిపాదికీ ఒకటే. కొన్ని వారాలు గట్టిగా పాటించాక కూడా మార్పు రాకపోయినా, దిగులుగా ఒంటరిగా ఉంటున్నా ఆలస్యం చేయకండి. ఆటకు ముందే మొదలైన కుంగుబాటు ఉందేమో మానసిక వైద్యులే తేల్చాలి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ముందు మీరు మాట్లాడండి, తర్వాత వాణ్ని ఒప్పించండి.